మైక్రోవేవ్ నుంచి కరెంటు – 3వ పాఠం: డయోడ్

కిందటి పాఠంలో రాగి తీగతో 2.45 గిగాహెర్ట్జ్ డైపోల్, అంటే వైఫై అలలను పట్టే రెండు చేతుల యాంటెన్నా, తయారు చేశాం. ఒక్కో చెయ్యి సుమారు 3 సెంటీమీటర్లు. ఇప్పుడు ఆ రెండు చేతుల మధ్య డయోడ్ పెట్టాలి. కరెంటును ఒకవైపే పోనిచ్చి, అలను డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చేది అదే. పని చెడినా, కుదిరినా ఇక్కడే.

ముందు లెక్క చూడండి. వైఫై రౌటర్ 100 మిల్లీవాట్లు వదులుతోందనుకుందాం. అడ్డు లేకపోతే మీటరు దూరంలో మనకు అందేది 25 మైక్రోవాట్లకు అటూ ఇటూ. 50 ఓముల మీద అది 50 మిల్లీవోల్టుల అల మాత్రమే. డయోడ్ అనగానే షాపువాళ్లు చేతిలో పెట్టే 1ఎన్4007 కు తెరుచుకోవడానికే 0.6 వోల్టులు కావాలి. పైగా దాని కెపాసిటెన్సు సుమారు 15 పికోఫారడ్లు. ఈ ఫ్రీక్వెన్సీలో అది నాలుగైదు ఓముల అడ్డే కాబట్టి అల అటూ ఇటూ దాటిపోతుంది, డీసీ మిగలదు. అందుకే తక్కువ వోల్టేజీకే తెరుచుకునే, కెపాసిటెన్సు కూడా తక్కువగా ఉండే ఎస్ఎంఎస్7630 లాంటి షాట్కీ రకం డయోడ్ తెప్పించుకోండి. కర్నూలు షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో చూడండి. మెంతిగింజంత ఉంటుంది, పట్టకారు లేకుండా అతకలేరు.

డయోడ్ కాళ్లను తీగ చివరలకు ఆనించి అతకండి. సెంటీమీటరు తీగ అదనంగా మిగిలినా వంద ఓములకు పైగా అడ్డు. రెండు చివరల నుంచి 10 కిలోఓముల రెసిస్టర్లు తీసుకుని, వాటి అవతల 10 నానోఫారడ్ల సెరామిక్ కెపాసిటర్ కలపండి. మల్టీమీటరు దానిమీద పెట్టండి.

రౌటర్ ఊరికే ఉంటే బీకన్లు, అంటే తానున్నానని చెప్పే చిన్న సంకేతాలు, సెకనుకు పది చొప్పునే పంపుతుంది. కాబట్టి ఫోనును రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు కలిపి పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టండి. డైపోల్‌ను పావు మీటరు దూరంలో, రౌటర్ యాంటెన్నాకు సమాంతరంగా నిలబెట్టండి. రీడింగు వచ్చాక అడ్డంగా తిప్పండి. బాగా తగ్గితే అది నిజమైన మైక్రోవేవే. తగ్గకపోతే కరెంటు తీగల గోల అనుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ విప్పి ప్రయోగాలు మాత్రం వద్దు, ప్రాణాపాయం.

ఓర్వకల్లులో సోలార్ పార్కే ఉండగా ఇదెందుకంటారా? ఎండ తగిలే చోట సోలార్ ప్యానెలే మేలు, వాదించను. మనది చీకటి మూలల్లో పెట్టే సెన్సర్ల కోసం.

అర మీటరుకు జరిపి రీడింగు రాసుకోండి. అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. నాలుగో పాఠంలో వోల్టేజీని పెంచడానికి ఆ అంకెలు కావాలి.