లా జర్నల్‌కు వ్యాసం పంపే విధానం: రాతప్రతి సిద్ధం చేయడం నుంచి ప్రూఫుల దాకా

కోర్టులో ప్లెయింటు (దావా పత్రం) వేస్తే ఆఫీసు సెక్షన్‌లో ముందు చూసేవి కోర్టు ఫీజు, వెరిఫికేషన్, డాక్యుమెంట్ల లిస్టు. కేసు బలం ఎంతన్నది తర్వాతి మాట. ఏదైనా తగ్గితే అభ్యంతరాలు రాసి రిటర్న్ చేస్తారు, మనం సరిచేసి రీప్రజెంట్ చేస్తాం, అంటే మళ్లీ దాఖలు చేస్తాం. లా జర్నల్‌లోనూ మొదటి మెట్టు ఇదే. కాకపోతే కోర్టు రీప్రజెంట్ చేయడానికి గడువిస్తుంది, జర్నల్ చాలాసార్లు ఇవ్వదు. ఫార్మాట్ దగ్గరే ఆగిన వ్యాసాన్ని లోపల ఏముందో చూడకుండానే పక్కన పెట్టేస్తారు.

జిల్లా కోర్టుల్లో పనిచేసే జూనియర్లు, తెలుగు మీడియం నుంచి వచ్చిన లా విద్యార్థులు పంపబోయే రాతప్రతులు తరచూ నా దగ్గరికి వస్తుంటాయి. వాళ్లు రాసే విషయం ఢిల్లీలో కూర్చుంటే దొరకదు. ఎమ్మార్వో ఆఫీసులో ఒక దరఖాస్తు ఎందుకు ఆగిందో, ఏజెన్సీలో భూమి కేసు ఎలా నడుస్తుందో వాళ్లు కళ్లారా చూసినవాళ్లు. అంత మంచి సరుకు ఫుట్‌నోట్ల దగ్గర, ఫైలు పేరు దగ్గర ఆగిపోతుంటే బాధగా ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎవరు పంపవచ్చు, ఎక్కడికి పంపాలి

మన దేశంలో లా జర్నళ్లు ముఖ్యంగా రెండు రకాలు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల సంపాదక బృందం నడిపేవి మొదటి రకం. హైదరాబాద్ నల్సార్ నుంచి, బెంగళూరు నేషనల్ లా స్కూల్ నుంచి, కోల్‌కతా ఎన్‌యూజేఎస్ నుంచి ఇలాంటివి వస్తాయి. అధ్యాపకులు, పరిశోధకులు నడిపేవి రెండో రకం. న్యూఢిల్లీలో 1956లో ఏర్పడిన ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ ప్రచురించే త్రైమాసిక జర్నల్ ఈ రకంలో పాతది, పేరున్నది.

లాయర్లు, అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు దాదాపు అన్నిటికీ పంపవచ్చు. ఎల్‌ఎల్‌బీ చదువుతున్నవాళ్లు మాత్రం అర్హత పేరా చదవాలి. కొన్ని జర్నళ్లు విద్యార్థుల రచనలు తీసుకోవు. కొన్ని విద్యార్థుల కోసమే ఉన్నాయి. ఎంతమంది కలిసి రాయవచ్చన్నది కూడా అక్కడే ఉంటుంది. చాలాచోట్ల ఇద్దరి కంటే ఎక్కువ మందిని ఒప్పుకోరు.

ఫీజు గురించి ఒక మాట. లా యూనివర్సిటీలు నడిపే ప్రధాన జర్నళ్లు సాధారణంగా రచయిత దగ్గర డబ్బు తీసుకోవు. పంపిన మూడు రోజుల్లో అంగీకారం, వారంలో సర్టిఫికెట్, ఫోన్‌పేలో ఇంత కొట్టండి అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలకు దూరంగా ఉండండి. ‘యూజీసీ కేర్ లిస్టులో ఉంది’ అన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. గుర్తించిన జర్నళ్ల పేర్లుండే ఆ లిస్టును నిలిపివేస్తున్నట్లు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఐఎస్‌ఎస్‌ఎన్ అనే ఎనిమిది అంకెల నంబరు ఉండటం కూడా నాణ్యతకు గుర్తు కాదు, అది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే. నన్నడిగితే ఒక జర్నల్‌ను అంచనా వేయడానికి మంచి దారి దాని చివరి రెండు సంచికలు తెరిచి చదవడం. మీ వ్యాసం ఆ వ్యాసాల పక్కన పడితే మీకు సంతోషమేనా, చూసుకోండి. సంపాదకులుగా పేర్లున్నవాళ్లు తమ యూనివర్సిటీ పేజీలో ఆ సంగతి చెప్పుకున్నారో లేదో కూడా చూడండి.

రాయడానికి ముందు: ఒక్క ప్రశ్న

‘తెలంగాణలో భూమి హక్కులు’ అన్నది వ్యాసం కాదు, పుస్తకాల బీరువా. తెల్లకాగితం మీద రాసుకున్న, రిజిస్ట్రేషన్ లేని భూమి అమ్మకం పత్రమైన సాదా బైనామాను క్రమబద్ధం చేసుకోవడానికి 1971 భూమి హక్కుల రికార్డుల చట్టం 5-ఎ సెక్షన్ కింద ఒక దారి ఉండేది. 2020లో ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం ఆ దారిని ఏం చేసింది, 2025 భూభారతి చట్టం దాన్ని ఎంతవరకు తెరిచింది? ఇది వ్యాసం. మీ ప్రశ్న ఒక వాక్యంలో ఇమడకపోతే ఇంకా రాయడం మొదలుపెట్టకండి.

తర్వాత ఏ రకం రచనో తేల్చుకోవాలి. పెద్ద వ్యాసానికి చాలా జర్నళ్లు సుమారు 5,000 నుంచి 10,000 పదాల దాకా అడుగుతాయి. ఒకే తీర్పు మీద రాసే కేస్ కామెంట్ అందులో సగం లోపే. కొత్తవాళ్లకు నా సలహా కేస్ కామెంట్‌తో మొదలుపెట్టమని. పదాల లెక్కలో ఫుట్‌నోట్లు కలుస్తాయో లేదో తప్పక చూడండి, అక్కడే చాలామంది లెక్క తప్పుతారు. అబ్‌స్ట్రాక్ట్ (వ్యాస సారాంశం) 200 నుంచి 300 పదాలు ఉంటే చాలు. అందులో నేపథ్యం రాసుకుంటూ పోకుండా, మీ ప్రశ్న ఏమిటి, మీ జవాబు ఏమిటి అన్నది రాయండి. దాని కింద నాలుగైదు కీవర్డ్స్ ఇవ్వండి.

ఫుట్‌నోట్లు

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. కోర్టులో పత్రాన్ని ఎగ్జిబిట్‌గా (సాక్ష్యంగా) మార్క్ చేయకుండా వాదిస్తే ఎలా ఉంటుందో, ఫుట్‌నోట్ లేని వాక్యం జర్నల్‌లో అలాగే ఉంటుంది.

ముందు ఆ జర్నల్ ఏ పద్ధతి అడుగుతుందో చూడండి. కొందరు అమెరికా లా రివ్యూలు తయారుచేసిన బ్లూబుక్ అడుగుతారు, కొందరు ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఆస్కోలా అడుగుతారు. ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్‌కు సొంత నియమాలున్నాయి. కొన్ని జర్నళ్లు తమ సొంత గైడ్ పెట్టుకుంటాయి. ఎన్నో ఎడిషన్ అన్నది కూడా ముఖ్యం. కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ, పార్టీల పేర్లు ఇటాలిక్స్‌లోనా కాదా అన్నవన్నీ పద్ధతిని బట్టి మారిపోతాయి. ఒక వ్యాసంలో రెండు పద్ధతులు కలిస్తే మొదటి పేజీలోనే దొరికిపోతుంది.

రూపం కుదిరాక అసలు పని మొదలవుతుంది. సమత వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ తీర్పే తీసుకోండి. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని మైనింగ్ లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసు అది. సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు చెప్పింది. తీర్పులు అచ్చువేసే రిపోర్టర్లు రెండిట్లో, అంటే (1997) 8 ఎస్‌సీసీ 191లోనూ ఉంది, ఏఐఆర్ 1997 ఎస్‌సీ 3297లోనూ ఉంది. రెండిట్లో ఏది ఇవ్వాలో జర్నల్ గైడ్ చెబుతుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అది ముగ్గురు జడ్జిల బెంచి. జస్టిస్ కె. రామస్వామి మెజారిటీ తీర్పు రాశారు, జస్టిస్ సగీర్ అహ్మద్ ఏకీభవించారు, జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్‌లోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందా అన్నది అందులో కీలకమైన ప్రశ్న. వస్తుందని మెజారిటీ తేల్చింది. కేసు పేరొక్కటే రాసి పేరా నంబరు ఇవ్వకపోతే మీరు మెజారిటీ మాట చెబుతున్నారో విభేదించిన జడ్జి మాట చెబుతున్నారో చదివేవాళ్లకు తెలియదు. కేశవానంద భారతి కేసులో ఇది ఇంకా కష్టం. 1973 ఏప్రిల్ 24న 13 మంది జడ్జిలు 7-6 తేడాతో తేల్చిన ఆ కేసులో 11 విడి తీర్పులున్నాయి. అక్కడ పేరా నంబరుతో పాటు జడ్జి పేరు కూడా ఇవ్వాలి.

తీర్పు పైన అచ్చయ్యే సారాంశాన్ని, అంటే హెడ్‌నోట్‌ను, కోర్టు మాటగా రాయకండి. దాన్ని రాసేది రిపోర్టర్ సంపాదకులు. నా మొదటి వ్యాసంలో ఒక హెడ్‌నోట్ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి కోర్టు అన్నట్లుగా పంపాను. ఇది తీర్పులో ఏ పేరాలో ఉందని రివ్యూయర్ (జర్నల్ తరఫున వ్యాసాన్ని పరిశీలించే నిపుణుడు) అడిగారు. రాత్రంతా వెతికాను, లేదు. ఆ వ్యాసం వెనక్కి వచ్చింది, రావడమే న్యాయం. అప్పటి నుంచి తీర్పు పూర్తి పాఠం తెరవకుండా ఒక్క సైటేషన్ కూడా పెట్టలేదు.

పూర్తి పాఠం కోసం ఇప్పుడు డబ్బు కట్టాల్సిన పని లేదు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ మొదలుపెట్టి తన అధికారిక రిపోర్టులను అందరికీ ఉచితంగా ఇచ్చింది. అదే ఏడాది న్యూట్రల్ సైటేషన్ కూడా తెచ్చింది. ‘2023 ఐఎన్‌ఎస్‌సీ’ అని మొదలయ్యే ఆ నంబరుంటే ఏ ప్రైవేటు రిపోర్టర్ అవసరం లేకుండా తీర్పు దొరుకుతుంది. మండల కేంద్రంలో కూర్చుని రాసేవాళ్లకు ఇది పెద్ద మేలు.

చట్టాల విషయంలో తేదీ చూసుకోండి. ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్‌ల స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఐపీసీ 302 ఇప్పుడు బీఎన్‌ఎస్ 103, ఐపీసీ 420 ఇప్పుడు బీఎన్‌ఎస్ 318(4). సీఆర్‌పీసీ 482 స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ 528, ఎవిడెన్స్ యాక్ట్ 65-బి స్థానంలో కొత్త చట్టం 63వ సెక్షన్. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి పాత నంబరును తీసేయకుండా రెండూ ఇవ్వడం మంచిది.

ఏఐ టూల్స్‌తో సైటేషన్లు వెతికేవాళ్లకు హెచ్చరిక. అవి లేని తీర్పులను పుట్టిస్తాయి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను ఉదహరించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఏఐ వాడితే ఎక్కడ, ఎంత వాడారో చెప్పమని చాలా జర్నళ్లు ఇప్పుడు అడుగుతున్నాయి. దాచకండి.

తెలుగు ఆధారాలు వాడేటప్పుడు

ఈ జర్నళ్లు ఇంగ్లిష్ వ్యాసాలే తీసుకుంటాయి. అంతమాత్రాన తెలుగు పత్రాలను వదిలేయకండి, మీ బలం అక్కడే ఉంది. పహాణీ, అడంగల్, సాదా బైనామా లాంటి మాటలను మొదటిసారి వచ్చినచోట రోమన్ లిపిలో ఇటాలిక్స్‌లో రాసి, అర్థం ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాత అదే మాట వాడండి. సాదా బైనామాను ఒట్టి ‘సేల్ డీడ్’ అని అనువదిస్తే దాని అసలు సంగతే పోతుంది. తెలుగు సాక్ష్యం లేదా జీవో నుంచి వాక్యం తీసుకుంటే అనువాదం మీదేనని ఫుట్‌నోట్‌లో చెప్పి, మూల వాక్యాన్ని కూడా అక్కడే ఇవ్వండి.

మీ సీనియర్ ఆఫీసులోని ఫైలు నుంచి విషయం తీసుకుంటే సీనియర్‌ను, క్లయింటును అడగాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం బీఎన్‌ఎస్ 72 కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు మార్చి ఊరి పేరు ఉంచినా గుర్తుపట్టేస్తారు.

కాపీ లెక్క

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 ఒక స్థాయి, 40 నుంచి 60 రెండో స్థాయి, 60 దాటితే మూడోది. సరిగ్గా మూలం చెప్పిన కొటేషన్లు, చట్టాల పాఠం ఆ లెక్కలోకి రావు. అంతకంటే తక్కువ శాతం అడిగే జర్నళ్లూ ఉండవచ్చు, వాళ్ల పేజీ చూడండి. మీరు ముందు ప్రచురించిన వ్యాసం నుంచి పేరాలు తెచ్చుకున్నా అది పోలికే.

ఫైళ్లు, పంపడం

సాధారణంగా రెండు ఫైళ్లు అడుగుతారు. ఒకదాంట్లో పేరు, కాలేజీ లేదా బార్ వివరాలు, ఈమెయిల్, ఓర్కిడ్ నంబరు (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఉంటే అది, కృతజ్ఞతలు. రెండోదాంట్లో వ్యాసం మాత్రమే, మీ ఆనవాలు ఎక్కడా ఉండకూడదు. రివ్యూయర్‌కు మీరెవరో తెలియకూడదని ఈ ఏర్పాటు. పేజీ మీద పేరు తీసేసినా వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ అన్నచోట మిగిలిపోతుంది, దాన్ని కూడా తుడిచేయండి. ‘నేను నా గత వ్యాసంలో చెప్పినట్లు’ లాంటి వాక్యాలు మార్చండి. ఫైలు పేరులో మీ పేరు పెట్టకండి. పీడీఎఫ్ వద్దని, వర్డ్ ఫైలే కావాలని చాలామంది అంటారు.

పోర్టల్ ఉంటే పోర్టల్ ద్వారానే పంపండి, ఈమెయిల్ అయితే సబ్జెక్టులో వాళ్లు చెప్పిన మాటలే పెట్టండి. కవర్ లెటర్ అర పేజీ చాలు: వ్యాసం పేరు, దాని వాదన రెండు వాక్యాల్లో, ఇది నా సొంత రచన, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే చోట పరిశీలనలో లేదు అన్న ప్రకటన. ఆ విషయంలో మీకు ఏదైనా ప్రయోజనం ఉంటే, ఉదాహరణకు ఆ కేసులో మీరే వాదించి ఉంటే, అదీ చెప్పాలి.

చివరి ప్రకటన గురించి గట్టిగా చెప్పాలి. అమెరికాలో విద్యార్థులు నడిపే లా రివ్యూలకు స్కొలాస్టికా లాంటి వేదిక నుంచి ఒకే వ్యాసాన్ని ఒకేసారి చాలా పత్రికలకు పంపడం మామూలే. మన జర్నళ్లలో చాలావరకు ఒప్పుకోవు. ఒకచోట పంపాక జవాబు వచ్చేదాకా ఆగాలి, లేదా రాతపూర్వకంగా వెనక్కి తీసుకున్నాకే ఇంకోచోటికి పంపాలి. పంపిన రోజు వచ్చిన రసీదు ఈమెయిల్ దాచుకోండి.

పంపిన తర్వాత

ముందు సంపాదకులు చూస్తారు, తర్వాత రివ్యూయర్ల దగ్గరికి వెళ్తుంది. అన్నీ కలిపి నెలలు పడుతుంది, టెన్షన్ పడి వారానికోసారి మెయిల్ పెట్టకండి. వాళ్లు చెప్పిన గడువు దాటితే మర్యాదగా ఒకసారి అడగవచ్చు.

జవాబు ‘సవరించి పంపండి’ అని వస్తే అది మంచి వార్తే. రివ్యూయర్ చెప్పిన ప్రతి మాటనూ ఒక పట్టికలో రాసి, పక్కన ఏం మార్చారో, ఏ పేజీలో మార్చారో రాయండి. ఒప్పుకోలేని సూచన ఉంటే కారణం చెప్పి వదిలేయవచ్చు, దానికి ఎవరూ కోప్పడరు. జవాబు చెప్పకుండా దాటేస్తేనే ఇబ్బంది. తిరస్కరించినా రివ్యూ నోట్ ఇచ్చారేమో అడగండి, దాన్ని బట్టి సరిచేసి మరో జర్నల్‌కు దాని పద్ధతిలోకి మార్చి పంపండి.

అంగీకరించాక కాపీరైట్ ఒప్పందం వస్తుంది. తెలుగులో అనువదించి వేసుకునే హక్కు, మీ విద్యార్థులకు పంచే హక్కు మీకు మిగులుతాయో లేదో సంతకానికి ముందే అడగండి. చివరగా ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు దిద్దడానికి పంపే పేజీలు, వస్తాయి, వాటికి ఇచ్చే గడువు తక్కువే. వాదన మార్చే సమయం కాదది. మీ పేరు స్పెల్లింగ్, సెక్షన్ నంబర్లు, పేరా నంబర్లు చూడండి. ‘పైన చూడండి, నోట్ 14’ అన్నచోట ఆ 14 ఇప్పటికీ అదేనా అన్నది మాత్రం ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూడండి. మధ్యలో ఒక ఫుట్‌నోట్ చేరితే తర్వాతి నంబర్లన్నీ జరిగిపోతాయి, అచ్చయ్యాక దిద్దాలంటే సవరణ ప్రకటన వేయించడం తప్ప దారి ఉండదు.