పాత ఫోటోలను చదవడం – 3వ పాఠం: స్తంభం స్టూడియోది, మరి చేతిలోది?

ఈసారి అట్టకు అంటించిన చిన్న ఫోటో, ‘కార్త్ ద విజిత్’. 1854లో పారిస్‌లో దిస్దేరి అనే ఫోటోగ్రాఫరు దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే గాజు పలక మీద ఎనిమిది బొమ్మలు పడేవి కాబట్టి ధర దిగింది. చిత్రకారుడిచేత బొమ్మ గీయించుకునే స్తోమత లేనివారికీ తమ రూపం దక్కింది.

ముందు అట్టను కొలవండి. సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు ఉండాలి. తర్వాత నేపథ్యం. స్తంభం, బరువైన తెర, నగిషీ కుర్చీ కనిపించగానే వాటిని మనిషి ఆస్తిలో కలపకండి. అవి స్టూడియో సామాను. యజమాని కూర్చున్న కుర్చీలోనే గుమాస్తా కూడా కూర్చునేవాడు. పాదాల వెనుక ఇనుప పీఠం తొంగిచూస్తే అది తల కదలకుండా పట్టి ఉంచే స్టాండుది. ఆ బిగువును గర్వమనుకోవద్దు.

ఇక చేతులు. నా దృష్టిలో ఫోటో అంతటిలోనూ ముఖ్యమైన చోటు ఇదే. అమెరికాలో బానిసగా పుట్టి, 1826లో ఆ చెర నుంచి బయటపడిన సోజర్నర్ ట్రూత్ 1860లలో తీయించుకున్న ఫోటో చూడండి. తెల్లని టోపీ, శాలువా, కళ్లజోడు, చేతిలో ఊలు అల్లిక. పొలం పనిని గుర్తుచేసేది ఒక్కటీ లేదు. గౌరవనీయమైన ఇంటి ఇల్లాలు ఎలా కనిపిస్తుందో అలాగే కూర్చుంది. పక్కన బల్లమీద పూలు, పుస్తకం. ఆమెకు చదవడం రాదు. అందుకే పుస్తకం ఉన్నంత మాత్రాన అక్షరాస్యురాలని రాసుకోకూడదు. బొమ్మ కింద “అసలును నిలుపుకోవడానికి నీడను అమ్ముతున్నాను” అనే అర్థం వచ్చే వాక్యం అచ్చువేయించింది. నీడ అంటే ఈ ఫోటో, అసలు అంటే తాను. 1864లో కాపీరైటును తన పేరునే నమోదు చేయించింది. ఒకప్పుడు తననే అమ్మిన దేశంలో తన బొమ్మను తానే అమ్ముకుంది! ఎన్నిసార్లు చూసినా నాకు ఆ ధైర్యం ముందు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

చివరగా అట్టను తిప్పండి. అమెరికా ఫోటో వెనుక, అమ్మకం పన్ను కట్టినట్టు అంటించిన రెవెన్యూ స్టాంపు ఉంటే, అది 1864 సెప్టెంబరు, 1866 ఆగస్టు మధ్య అమ్ముడైనదని దాదాపు నిశ్చయం. 2 సెంట్ల స్టాంపు ఉంటే ఫోటో ధర 25 సెంట్లు దాటలేదని, 3 సెంట్లదైతే 50 లోపని అర్థం.

అభ్యాసం: ఏదైనా మ్యూజియం వెబ్‌సైటులో ఇలాంటి ఫోటో ఒకటి ఎంచుకుని, స్టూడియోవి ఏవో, మనిషి వెంట తెచ్చుకున్నవి ఏవో రెండు వరుసల్లో రాయండి. బట్టల కుట్టు, చెప్పులు మరిచిపోవద్దు.

వచ్చే పాఠంలో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్, పరదా స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాద్‌లో తెరిచిన జనానా స్టూడియో.