ఫిట్టెడ్ క్యాపా, అడ్జస్టబుల్ క్యాపా? ముందు తల కొలవండి

మా అమ్మ తెనాలిలో జాకెట్లు కుట్టేది. పెళ్లయ్యాక నేను అమెరికా వస్తుంటే సూట్‌కేసులో బట్టల మధ్య ఒక కొలతల టేపు పెట్టి పంపింది. ఇప్పుడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఆ టేపుతో నేను జాకెట్లేమీ కుట్టలేదు గానీ, ఇంట్లో అందరి తలలూ కొలిచాను. ఇక్కడి ఎండాకాలం గుంటూరు ఎండలకేమీ తీసిపోదు, క్యాప్ లేకుండా బయట తిరగలేం. పైగా మా ఆయనకు బేస్‌బాల్ అంటే ప్రాణం. 2005లో ఆర్లింగ్‌టన్‌లో ఎం.ఎస్. చదవడానికి వచ్చినప్పుడు టెక్సస్ రేంజర్స్ అనే బేస్‌బాల్ జట్టు స్టేడియం అదే ఊళ్లో. అప్పటి స్టేడియానికి పైకప్పు లేదు. అప్పుడు కొనుక్కున్న నీలం క్యాపుతో మొదలైంది ఆయన అలవాటు.

క్యాప్ కొనడంలో నేను చేసిన మొదటి పొరపాటు ఆయన పుట్టినరోజుకే. చెప్పకుండా ఇద్దామని ఆన్‌లైన్‌లో ఒక ఫిట్టెడ్ క్యాప్ తెప్పించాను. సైజు అంచనాగా 7 1/4 అని పెట్టాను. ఆయన సంబరంగా స్టిక్కరు పీకేసి పెట్టుకున్నారు. అరగంటకి నుదుటి మీద ఎర్రటి గీత, గంటకి తలనొప్పి. స్టిక్కరు తీసేశారు కాబట్టి వాపసు తీసుకోం అనేశారు షాపువాళ్లు. ఆయన సైజు 7 3/8. తేడా అంతా కలిపి ఒక్క సెంటీమీటరు.

ఫిట్టెడ్ అంటే వెనకాల కూడా మూసి ఉండే క్యాప్. బిగించడానికి, వదులు చేయడానికి ఏమీ ఉండదు, చెప్పుల్లాగా మీ సైజు మీరే వెతుక్కోవాలి. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ మేజర్ లీగ్, దాని ఆటగాళ్లు మైదానంలో పెట్టుకునేది ఇదే. బఫెలో నగరానికి చెందిన న్యూ ఎరా కంపెనీ 1954లో తెచ్చిన 59ఫిఫ్టీ అనే మోడల్ వీటిలో పేరున్నది. అడ్జస్టబుల్ అంటే వెనక అర్ధచంద్రాకారంలో ఖాళీ, దాని కింద ఒక పట్టీ ఉండేది. మన ఊళ్లలో ఫ్రీ సైజు అని అమ్మేవి చాలావరకు ఈ రకమే.

ఫిట్టెడ్ సైజు అంకె చూసి చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి అది చిన్న లెక్క. తల చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని 3.14తో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. అంటే మీ తల గుండ్రంగా ఉందనుకుంటే దాని అడ్డుకొలత. చుట్టుకొలత 22 అంగుళాలైతే సైజు 7. మా ఆయనది 23 అంగుళాలు. భాగిస్తే 7.32 వస్తుంది, అది 7 1/4కీ 7 3/8కీ మధ్యలో పడింది. అలా మధ్యలో పడితే పెద్దదే తీసుకోండి. బిగుతు క్యాపుని సాగదీయడం కష్టం, కాస్త వదులైనదాన్ని సరిచేయడం తేలిక. ఒక్కో సైజుకీ పెరిగేది అంగుళంలో ఎనిమిదో వంతే అనిపిస్తుంది గానీ, అది అడ్డుకొలతలో. చుట్టుకొలతలోకి వచ్చేసరికి దాదాపు ఒక సెంటీమీటరు. నుదురు నొప్పి పుట్టించడానికి అది చాలు.

ఇంకో సంగతి. ఎవరి తలా పూర్తి గుండ్రం కాదు. ముందుకీ వెనక్కీ పొడవుగా ఉన్న తలకి అదే సైజు క్యాపు నుదుటి దగ్గర నొక్కుతుంది, చెవుల దగ్గర వదులుగా ఉంటుంది. అందుకే లెక్క సరిపోయినా సరే, పెట్టి చూడకుండా మొదటి ఫిట్టెడ్ కొనవద్దని నేను గట్టిగా చెప్తాను.

కొలవడం ఇలా. క్యాప్ పెట్టుకునేటప్పుడు జుట్టు ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. తలస్నానం చేసిన తడి జుట్టు మీద వద్దు. టేపు కనుబొమలకు ఒక వేలు పైన మొదలుపెట్టి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బిన చోట నుంచి తిప్పి తీసుకురండి. ఆడవాళ్లకి ఒక గుర్తు చెప్తాను: టేపు బొట్టు మీద కాదు, బొట్టుకి పైన పోవాలి. క్యాపు కూర్చునేదీ అక్కడే. బొట్టు చెరిగిపోతోందంటే క్యాపు మరీ కిందికి దిగిందని. మూడుసార్లు కొలిచి, పెద్ద అంకె రాసుకోండి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టినా చాలు, సాగే దారం మాత్రం వాడకండి.

షాపులో ఒకే సైజువి రెండు మూడు తీసి పెట్టి చూడండి. కుట్టులో తేడాల వల్ల ఒకే అంకె ఉన్న రెండు క్యాపులు ఒకేలా ఉండవు. నుదుటికీ లోపలి చెమట పట్టీకీ మధ్య ఒక వేలు కాస్త ఒత్తుకుని దూరాలి. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగండి, తల అడ్డంగా ఊపండి. జారకూడదు. చెవులు మడతపడకూడదు. తీసేయకుండా పది నిమిషాలు షాపులోనే తిరిగి, అప్పుడు అద్దంలో నుదురు చూసుకోండి. 40 డాలర్లకు అటూ ఇటూ పెట్టే వస్తువు, ఆ పది నిమిషాలకి మొహమాటపడొద్దు. ఎత్తు కూడా చూసుకోండి. మామూలు 59ఫిఫ్టీ ముందు భాగం ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. మా ఆయన పొడుగు మొహానికి బాగుంటుంది. అదే మా తమ్ముడికి పెడితే తపేలా బోర్లించినట్టుంది. చిన్న మొహాలకి లో ప్రొఫైల్ అని రాసి ఉన్నది అడగండి.

అడ్జస్టబుల్‌లో అసలు చూడాల్సింది వెనక పట్టీ. ప్లాస్టిక్ బొడిపెలు నొక్కేది స్నాప్‌బ్యాక్. కారు అద్దం కింద ఎండలో పడేసి ఉంచితే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది, మా ఇంట్లో రెండు అలా పోయాయి. వెల్క్రో పట్టీ పిల్లలకి సుఖం, తమంతట తామే బిగించుకుంటారు. పొడుగు జుట్టుకి మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. వెంట్రుకలు అందులో చిక్కుకుని, తీసేటప్పుడు ప్రాణం పోతుంది. నా జడకి నేను వాడేది గుడ్డ పట్టీకి ఇనుప బకిల్ ఉన్నది. వెనక ఖాళీలోంచి జడ బయటికి తీసి, పట్టీ దాని కింద బిగిస్తాను. ఫిట్టెడ్‌లో ఈ వీలు లేదు. జడ వేసుకునేవాళ్లు ఎంత ఇష్టమైన జట్టైనా ఫిట్టెడ్ కొనకండి, జడ క్యాపుని వెనక నుంచి పైకి తోస్తూనే ఉంటుంది.

పిల్లలకి కూడా అడ్జస్టబులే. మావాడికి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల నాన్న తనలాగే ఉండాలని ఒక ఫిట్టెడ్ కొన్నారు, పెరిగే తల కదా అని ఒక సైజు పెద్దది. పైకి లేచిన బంతి పట్టుకోబోతుంటే క్యాపు కళ్ల మీదికి జారింది. బంతి భుజానికి తగిలి సరిపోయింది, మొహానికి తగలలేదు. ఆ రోజు నాకు చేతులు వణికాయి. పెరిగే తలకి పెద్ద సైజు కొనడం గౌన్లకి, లాగులకి పనికొచ్చే పద్ధతి, క్యాపులకి కాదు.

మామయ్యగారి విషయంలో మాత్రం నా లెక్క తలకిందులైంది. వేసవిలో ఆయన మా దగ్గరికి వస్తే పెద్దాయనకి హాయిగా ఉంటుందని మెత్తని అడ్జస్టబుల్ ఇచ్చాను. వారం రోజులు నడకకి వెళ్లొచ్చేసరికి తల వెనక అర్ధచంద్రాకారంలో చర్మం కమిలింది. ఆయనది బట్టతల, వెనక ఖాళీలోంచి ఎండ నేరుగా తగిలింది. నేను ఆలోచించాల్సింది. బట్టతల ఉన్నవాళ్లకి వెనక మూసి ఉన్న క్యాపే కావాలి. జుట్టు లేదు కాబట్టి కొలతా మారదు, ఫిట్టెడ్ చక్కగా కుదురుతుంది. మామయ్యగారు బిగుతు భరించలేరు కాబట్టి మధ్యరకం తీసుకున్నాను. పట్టీలో సాగే గుణం ఉండి, వెనక మూసి ఉండే స్ట్రెచ్ రకం. ఇవి ఏ తలకైనా పట్టేస్తాయనుకోకండి, వీటిలోనూ చిన్నది-మధ్యస్థం, పెద్దది-మరీ పెద్దది అని జతలుగా సైజులుంటాయి.

ఇండియాలో వాళ్లకి పట్టుకెళ్లేవి మాత్రం ఎప్పుడూ అడ్జస్టబులే కొనండి, అదీ ముందు భాగం మెత్తగా ఉన్నవి. ఎవరి తల కొలతా మనకి తెలీదు, పైగా మెత్తనివి మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఫిట్టెడ్ తీసుకెళ్లక తప్పకపోతే లోపల సాక్సులు, లోదుస్తులు కుక్కి నింపండి.

కొన్నాక సైజు మారిపోయే దారులు రెండు. ఒకటి నీళ్లు. మా ఆయన 2005 నాటి క్యాపు ఉన్నిది. మేజర్ లీగ్ వాళ్లవి 2007 నుంచి పాలియెస్టర్ అయ్యాయి. ఉన్ని తడిసి వేడి తగిలితే కుంచించుకుపోతుంది. ఆయన దాన్ని వాషింగ్ మెషీన్లో వేసి, డ్రయ్యర్‌లో ఆరబెట్టారు. మళ్లీ తలకి పట్టలేదు. ఏ క్యాపైనా చల్లటి నీళ్లు, చుక్క షాంపూ, పాత టూత్‌బ్రష్‌తో లోపలి పట్టీ మాత్రం రుద్దండి. కొబ్బరినూనె మరక, కుంకుమ మరక ఆ పట్టీకే పడతాయి. తలకి సరిపోయే గిన్నె మీద బోర్లించి నీడలో ఆరనివ్వండి.

రెండోది జుట్టు. రెండేళ్ల కిందట తిరుమలలో మా ఆయన మొక్కు తీర్చుకున్నారు. గుండుతో తిరిగొచ్చి, తనకెంతో ఇష్టమైన 7 3/8 పెట్టుకుంటే అది చెవుల మీదికి దిగిపోయింది. దట్టమైన జుట్టు తీసేస్తే కొలత అంత తగ్గుతుందని నేనూ అప్పుడే టేపు పెట్టి చూశాను. ఇంకో క్యాపు కొనలేదు. లోపలి చెమట పట్టీ మడత విప్పి, నుదుటి వైపు కాకుండా వెనక వైపు, మా అమ్మ పంపిన జాకెట్టు గుడ్డ ముక్కని నాలుగు మడతలు వేసి దోపాను. నెలకో మడత తీసేస్తూ వచ్చాను. నాలుగో నెలకి గుడ్డ మొత్తం బయటికి వచ్చేసింది, క్యాపు మళ్లీ సరిగ్గా కూర్చుంది.