ఎత్తు తగ్గించిన ట్రక్కు, ముందు సస్పెన్షన్ – 4వ పాఠం: బంప్ స్టాప్ ఏ వైపు కొయ్యాలి?

పోయిన పాఠంలో "బంప్ స్టాప్ కొంచెం కొయ్యండి" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నా పొరపాటే. ఏ వైపు అన్నది చెప్పలేదు. చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఫోమ్ లేదా రబ్బరు ముక్కే బంప్ స్టాప్. చాలామంది కొన కోసేశారు. ఇప్పుడు ప్రతి గుంతకీ ఛాసిస్ మీద సుత్తి దెబ్బ పడినట్టుందని అంటున్నారు. ఇంకొందరు అసలు ముట్టుకోనక్కర్లేని బండిలో కోశారు. అందుకే ఈ పాఠమంతా దీనికే, షాక్ అబ్జార్బర్ల సంగతి వచ్చే పాఠానికి.

ముందుగా, బండిని దేనితో తగ్గించారు? డ్రాప్ స్పిండిల్ (చక్రం ఇరుసు పైకి జరిపి చేసిన స్పిండిల్) వేసి ఉంటే లోయర్ ఆర్మ్ ఉన్నచోటే ఉంటుంది, చక్రం మాత్రం పైకి జరుగుతుంది. స్టాప్‌కీ ఆర్మ్‌కీ మధ్య ఖాళీ కంపెనీది ఎంతో అంతే. పైగా సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైరు ముందుకంటే ఎత్తుకు పోతుంది. అక్కడ స్టాప్ కోస్తే టైరు లోపలి ఫెండర్‌ని గీకుతుంది. కొయ్యొద్దు, అంతే. పొట్టి స్ప్రింగులు వేసినా, టోర్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) వదులు చేసినా ఆర్మ్ పైకి లేస్తుంది, ఖాళీ తగ్గుతుంది. ఈ పాఠం వాళ్లకే.

ఇక కొన సంగతి. బంప్ స్టాప్ అంటే ఆర్మ్‌ని ఆపే కట్టె కాదు, చివర్లో పనిచేసే చిన్న స్ప్రింగు. ఫోమ్ స్టాప్‌లో సన్నటి కొన ముందు తగిలి తేలిగ్గా నలుగుతుంది, ఆ తర్వాత వెడల్పు భాగం కొద్దికొద్దిగా గట్టిపడుతూ బరువు అందుకుంటుంది. కొన తీసేస్తే వెడల్పు భాగమంతా ఒక్కసారే తగులుతుంది. ఖాళీ పెరిగింది నిజమే, మెత్తదనం మాత్రం పోయింది. కొన వైపు 10 మి.మీ. కోసినా, మొదలు వైపు 10 మి.మీ. కోసినా స్కేలు మీద ఒకటే, నడిపేటప్పుడు రెండు వేరు బండ్లు. కొయ్యాల్సింది మొదలు వైపు, అంటే కప్పులో కూర్చునే వైపు. ఉంగరాల ఆకారంలో ఉన్న స్టాప్ అయితే గాడి దగ్గర కోస్తే కోత తిన్నగా వస్తుంది. చుట్టూ టేపు చుట్టి, సబ్బునీళ్లు రాసి, సన్నపళ్ల హ్యాక్సా బ్లేడుతో నెమ్మదిగా కొయ్యండి.

మొదలు వైపు ఇనుప ప్లేటు, బోల్టు అతికి ఉంటే కోసే దారి లేదు. దాని బదులు పొట్టి స్టాప్ కొనండి. గట్టి రబ్బరు స్టాప్‌లను కొయ్యడం నాకు అసలు ఇష్టం లేదు. ఫోమ్‌లో గాలి గదులు ఉంటాయి కాబట్టి అది తనలోకి తాను నలుగుతుంది. రబ్బరు పక్కలకు ఉబ్బడం తప్ప అలా నలగలేదు.

ఎంత కొయ్యాలి? ఆర్మ్ పివట్ (ఛాసిస్ వైపు కీలు) నుంచి బాల్ జాయింట్‌కి (చక్రం వైపు కీలు) 400 మి.మీ., స్టాప్ తగిలే చోటికి 220 అనుకుందాం. నిష్పత్తి 0.55. చక్రం దగ్గర 50 తగ్గిస్తే స్టాప్ దగ్గర పోయేది సుమారు 27. తగ్గించకముందు ఖాళీ 35 ఉంటే మిగిలింది 8. అంటే చక్రం 15 కదలకముందే స్టాప్ తగులుతోంది. 10 కోస్తే ఖాళీ 18, చక్రానికి దాదాపు 33. నేనైతే మొదటి కోతకి 10 మి.మీ. దాటను, మొత్తం మీద స్టాప్ ఎత్తులో మూడో వంతు దాటను. ఈ ఖాళీ కొలవాల్సింది చక్రాలు నేలమీద ఉండగా, బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోశాక. జాకీ దించిన వెంటనే కొలిస్తే సస్పెన్షన్ ఇంకా కుదురుకోదు, ఖాళీ ఎక్కువ చూపిస్తుంది.

అభ్యాసం, ఒక పూట పడుతుంది. ఛాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి, స్ప్రింగు తీసెయ్యండి. కాయిల్ అయితే స్ప్రింగుని నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్‌తో, టోర్షన్ బార్ అయితే దాని బిగువు వదిలించే కీ టూల్‌తోనే. షాక్ బిగించే ఉండాలి. ఆర్మ్ కింద జాకీ పెట్టి, స్టాప్ నలిగి ఛాసిస్ స్టాండ్ మీద తేలికయ్యేదాకా ఎత్తండి, స్టాండ్ వదిలేదాకా కాదు. ఆ స్థితిలో స్టీరింగ్‌ని రెండు చివర్లకీ తిప్పి చూడండి. టైరుకీ ఫెండర్‌కీ మధ్య 15 మి.మీ. అయినా ఉండాలి, ఎందుకంటే నిజమైన గుంత జాకీ కంటే గట్టిగా నొక్కుతుంది. బ్రేక్ హోస్ ఎక్కడా నలగకూడదు. షాక్ రాడ్‌కి కనీసం 12 మి.మీ. ప్రయాణం మిగలాలి. మిగలకపోతే స్టాప్ పని షాక్ నెత్తిన పడుతుంది, లోపలి వాల్వో మౌంటో పగులుతుంది. అలాంటి బండికి కోత కాదు, పొట్టి షాక్ కావాలి.

రెండు వైపులా కొలిచి రాసుకోండి. వచ్చే పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.