ఎఫ్-1, ఓపీటీ వాళ్ల టాక్స్: 1040నా, 1040-ఎన్ఆరా?

స్టూడెంట్ వీసా (ఎఫ్-1), దాని మీద చదువయ్యాక చేసే ఉద్యోగం (ఓపీటీ) వాళ్లకి ఏటా వచ్చే ప్రశ్న ఇది. 1040 టాక్స్ లెక్కలో రెసిడెంట్లు వేసే ఫారం, 1040-ఎన్ఆర్ నాన్‌రెసిడెంట్లది. ఏ సమస్య అయినా ముందు పాస్‌పోర్ట్ తీసి అమెరికాలో మొదటిసారి దిగిన స్టాంప్ చూడండి, మీరు ఏ వైపో తేలేది అక్కడి నుంచే. అందరూ సాఫ్ట్‌వేర్ మారుస్తారు, సీపీఏని (టాక్స్ చూసే అకౌంటెంట్‌ని) మారుస్తారు, ఆ తేదీ మాత్రం చూడరు.

సమస్య: ఓపీటీలో కొత్తగా చేరా, జీతంలో సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45 శాతం పోతోంది.
కారణం: నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 వాళ్లకి ఈ రెండూ పడవు, పేరోల్‌లో మిమ్మల్ని రెసిడెంట్ అని ఎక్కించారు.
పరిష్కారం: కంపెనీనే వెనక్కి ఇమ్మనండి, కుదరదంటే రీఫండ్ అడిగే ఫారం 843, 8316 ఐఆర్ఎస్‌కి (అమెరికా టాక్స్ శాఖకి) పంపండి.

సమస్య: స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకి ఓపీటీ పొడిగింపు) నడుస్తోంది, ఎప్పట్లాగే 1040-ఎన్ఆర్ వేశా, ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లు జనవరి నుంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కట్టాలంటున్నారు.
కారణం: చాలామందిని ముంచేది ఇదే. అమెరికాలో ఉన్న రోజులు లెక్కేసి రెసిడెంటా కాదా తేలుస్తారు. ఎఫ్-1 వాళ్ల రోజులు 5 ఏళ్లు ఆ లెక్కలోకి రావు, నిజమే, కానీ అవి దిగిన రోజు నుంచి లెక్కపెట్టే 5 ఏళ్లు కాదు, క్యాలెండర్ సంవత్సరాలు, అందులో ఒక్క రోజున్నా ఏడాది మొత్తం అయిపోయినట్టే. స్ప్రింగ్ సెమిస్టర్ కోసం 2020 డిసెంబర్ 28న దిగారనుకోండి, ఆ నాలుగు రోజులకే 2020 ఖర్చైపోయింది, 2024తో ఐదూ అయిపోయాయి. 2025 జనవరి 1 నుంచి ప్రతి రోజూ లెక్కే, 183 నిండగానే రెసిడెంట్. వారం ఆగి జనవరిలో ఎక్కిన మీ రూమ్మేట్‌కి ఇంకో ఏడాది ఉంటుంది, అందుకే వాడిని చూసి మీరు ఫైల్ చేయకండి.
పరిష్కారం: 1040-ఎక్స్‌తో (వేసిన రిటర్న్‌ని సవరించే ఫారం) 1040కి మార్చుకోండి, పేరోల్‌లో ఆ ఏడాది జనవరి నుంచే సరిచేయించండి. ఇక ఇండియా ఆదాయం కూడా చూపించాలి, హైదరాబాద్ బ్యాంకులో నాన్నగారితో కలిసున్న ఎఫ్‌డీతో సహా. బయటి దేశాల అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ అకౌంట్ల వివరాలు చెప్పే రిపోర్ట్) వేరే వెయ్యాలి, టాక్స్ పడకపోయినా సరే.

సమస్య: అక్టోబర్ 1న ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి (ఉద్యోగ వీసాకి) మారా, ఏ ఫారం?
కారణం: ఐదేళ్లు దాటకపోతే ఆ ఏడాది మీ లెక్కలోకి వచ్చేవి 92 రోజులే. కాబట్టి మామూలుగా 1040-ఎన్ఆరే, సోషల్ సెక్యూరిటీ మాత్రం అక్టోబర్ నుంచి కట్ అవుతుంది. టర్బోటాక్స్ సాఫ్ట్‌వేర్‌లో 1040-ఎన్ఆర్ లేదు, అది అడిగినవన్నీ నింపుకుంటూ పోయి 1040 కొట్టేసినవాళ్లు బోలెడు.
పరిష్కారం: 1040-ఎక్స్‌కి సరిచేసిన 1040-ఎన్ఆర్ జతచేసి పంపండి. ఇండియా స్టూడెంట్లకి ఇండియా-అమెరికా టాక్స్ ట్రీటీ (ఒప్పందం) ఆర్టికల్ 21 కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) ఉంది, వదులుకోకండి.

జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద టీచరో రీసెర్చరో అయితే లెక్క వేరు. రెసిడెంట్ అయిన మొదటి ఏడాది జనవరి 1న ఇండియాలో ఉంటే డ్యూయల్ స్టేటస్ (ఏడాదిలో కొంత నాన్‌రెసిడెంట్, కొంత రెసిడెంట్), అది మాత్రం సీపీఏకే వదిలేయండి.