ఇయర్‌బడ్స్ యాప్ అడిగిందల్లా ఇవ్వకుండా పని చేయించుకోవడం ఎలా?

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు కొత్త ఇయర్‌బడ్స్ పట్టుకొచ్చాడు. "మామయ్యా, ఇదేంటో లొకేషన్ అడుగుతోంది, ఇచ్చెయ్యమంటావా?" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టాడు. చూస్తే లొకేషన్‌తో ఆగేలా లేదు. ఈమెయిల్, పుట్టిన తేదీ, కాంటాక్ట్స్, మైక్, చివరికి ఫోన్‌కొచ్చే నోటిఫికేషన్లు చదువుకునే అనుమతి కూడా కావాలట. పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా మొదటి రోజే ఇన్ని వివరాలు అడగరు.

"తీసి పారెయ్ ఆ యాప్‌ని" అనేసి ఊరుకోవచ్చు. కానీ అది సగం సలహానే. ఇయర్‌బడ్స్‌లో ఏదైనా భద్రతా లోపం బయటపడితే, దానికి మందు చాలా కంపెనీల విషయంలో ఆ యాప్ ద్వారానే వస్తుంది. అందుకని నేను వాడికి చెప్పింది ఇది: యాప్‌ని ప్లంబర్‌ని పిలిచినట్టు పిలవాలి. పనున్నప్పుడు రానివ్వాలి, వంటింట్లో పనైతే వంటింటి వరకే రానివ్వాలి, పనవగానే గుమ్మం దాకా సాగనంపాలి. ఆ రోజు ఇద్దరం కూర్చుని చేసిన పనులు వరుసగా చెప్తాను.

ముందు యాప్ లేకుండానే జత చేయండి

పెట్టె మీద పెద్ద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేసి యాప్ వేసుకోమని. దాన్ని పట్టించుకోకండి. బడ్స్‌ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టి, ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో 'పెయిర్ న్యూ డివైస్' నొక్కితే చాలు. పాటలు, కాల్స్, వాల్యూమ్ అన్నీ పనిచేస్తాయి. యాప్‌తో నిజంగా ఒరిగేవి మూడు: ఈక్వలైజర్ (శబ్దాన్ని మన చెవికి నచ్చినట్టు సర్దుకునేది), తాకితే ఏం జరగాలో మార్చుకోవడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. ఓ వారం యాప్ లేకుండా వాడి చూడండి. మొదటి రెండూ లేకపోయినా చాలామందికి తేడా తెలియదు. మూడోది మాత్రం కావాలి, దాని దగ్గరికి వస్తాను.

యాప్ వేస్తే, అనుమతులు ఒక్కొక్కటిగా

లాగిన్ అడిగితే 'స్కిప్' ఎక్కడుందో వెతకండి. ఏ మూలో సన్న అక్షరాల్లో ఉంటుంది. అది లేకపోతే బ్యాంకుకీ, ఆఫీసుకీ వాడని ఈమెయిల్ ఒకటి ఇవ్వండి. 2024 ఏప్రిల్‌లో ఇయర్‌బడ్స్ అమ్మే బోట్ కంపెనీ కస్టమర్లు సుమారు 75 లక్షల మంది పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు దొంగ డేటా చేతులు మారే డార్క్ వెబ్‌లో పెట్టారని వార్తలొచ్చాయి. దర్యాప్తు చేస్తున్నామని కంపెనీ అప్పట్లో చెప్పింది. మనం ఇవ్వని నంబర్ లీకయ్యే ప్రమాదం లేదు కదా.

ఇక ఆండ్రాయిడ్‌లో యాప్ బొమ్మని నొక్కి పట్టుకుని, 'యాప్ ఇన్ఫో'లోంచి 'పర్మిషన్స్'లోకి వెళ్లండి.

'నియర్‌బై డివైసెస్' ఇవ్వాల్సిందే. అది లేకపోతే యాప్‌కి బడ్స్ కనపడవు.

లొకేషన్ సంగతి కొంచెం తిరకాసు. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు వెర్షన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే యాప్‌కి లొకేషన్ అనుమతి ఉండాలన్నది ఫోన్ పెట్టిన నియమమే, పాపం అక్కడ యాప్ తప్పేమీ లేదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఆ అవసరం పోయింది. మీది కొత్త ఫోనై ఉండి ఇంకా అడుగుతుంటే 'డోంట్ అలౌ' నొక్కండి. కొన్ని యాప్‌లలో మీరు ఇంట్లో ఉన్నారా, ఆఫీసులో ఉన్నారా చూసి, బయటి చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్‌ని దానంతటదే మార్చే సదుపాయం ఉంటుంది. అంటే మీరు రోజూ ఎక్కడెక్కడ ఎంతసేపు ఉంటారో అది నేర్చుకుంటుంది. బడ్‌ని వేలితో ఒకసారి తడితే అయిపోయే పనికి అంత ఖరీదు ఎక్కువని నా అభిప్రాయం.

కాంటాక్ట్స్, ఫోన్, కెమెరా ఏవీ వద్దు. (కొన్ని యాప్‌లు చెవి ఫోటో కూడా అడుగుతాయి, మీ చెవి ఆకారానికి తగ్గట్టు శబ్దాన్ని మలుస్తామని. సరదాగా ఉంటే మీ ఇష్టం.)

అసలు జాగ్రత్త పడాల్సింది ఈ జాబితాలో కనిపించదు. అదే నోటిఫికేషన్ యాక్సెస్. "మీ మెసేజ్‌లు చెవిలో చదివి వినిపిస్తాం" అంటూ యాప్ దీన్ని అడుగుతుంది. ఇచ్చారంటే వాట్సాప్ మెసేజ్ దగ్గర్నుంచి బ్యాంకు ఓటీపీ దాకా తెర మీద పడే చాలా సంగతులు దాని చేతుల మీదుగా వెళ్లొచ్చు. సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో 'నోటిఫికేషన్ యాక్సెస్' అని కొట్టి, ఆ జాబితాలో బడ్స్ యాప్ ఉంటే ఆపేయండి. మావాడి ఫోన్‌లో వెతికితే, ఏడాది కింద పోగొట్టుకున్న నెక్‌బ్యాండ్ తాలూకు యాప్ ఇంకా అక్కడే తిష్ట వేసుకుని ఉంది.

ఐఫోన్ వాళ్లకైతే 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో 'యాప్ ప్రైవసీ రిపోర్ట్' ఉంటుంది. దాన్ని ఆన్ చేసి వారం ఆగి చూడండి. ఏ యాప్ ఏ సర్వర్లతో మాట్లాడిందో పేర్లతో సహా చూపిస్తుంది. బడ్స్ యాప్‌కి ప్రకటనల కంపెనీలతో ఏం పనో అప్పుడు మీరే ఆలోచించుకోండి.

ఇదంతా అతి అనుమానం అనుకునేవాళ్లకు ఒక పాత కేసు. 2017 ఏప్రిల్‌లో అమెరికాలోని షికాగో ఫెడరల్ కోర్టులో బోస్ కంపెనీ మీద దావా పడింది. హెడ్‌ఫోన్స్‌తో వాడే బోస్ కనెక్ట్ యాప్ జనం ఏ పాటలు, ఏ ప్రసంగాలు వింటున్నారో నమోదు చేసి మరో డేటా కంపెనీకి పంపుతోందన్నది ఆరోపణ. మేం ఎవరి సమాచారమూ అమ్మట్లేదని బోస్ ఖండించింది. కోర్టు సంగతి అలా ఉంచండి. తెల్లవారుజామున ఏ దేవుడి పాటలు, మధ్యాహ్నం ఏ పార్టీ ఉపన్యాసాలు, రాత్రి నిద్రపట్టక ఏ డాక్టర్ మాటలు వింటారో వరుసగా రాసి పెడితే, మీ గురించి మీ పక్కింటివాళ్లకి తెలిసినదానికంటే ఎక్కువే తెలుస్తుంది.

అప్‌డేట్ మాత్రం మానకండి

2025 జూన్‌లో జర్మనీకి చెందిన ఈఆర్‌ఎన్‌డబ్ల్యూ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఐరోహా అనే కంపెనీ బ్లూటూత్ చిప్‌లలో లోపాలు బయటపెట్టారు. సోనీ, బోస్, జేబీఎల్, మార్షల్ లాంటి పెద్ద పేర్ల మోడళ్లు కొన్నింటిలో ఉన్నవి ఆ చిప్‌లే. బ్లూటూత్ అందేంత దూరంలో ఉన్నవాడు, పెయిరింగ్ కూడా చేసుకోకుండా, హెడ్‌ఫోన్ మెమరీలోకి దూరి ఏం వింటున్నారో చదవగలిగాడు. ఫోన్‌తో జత కలిపే డిజిటల్ తాళంచెవిని అక్కడి నుంచి కాజేసి 'నేనే ఆ హెడ్‌ఫోన్‌ని' అని ఫోన్‌ని నమ్మించగలిగాడు. అలా కొన్ని ఫోన్ల నుంచి కాల్ హిస్టరీ, కాంటాక్ట్స్ కూడా బయటికి తీయొచ్చని తేలింది. ఇది తేలికపని కాదని, మామూలు జనం మీద ఎవరూ ఇంత శ్రమ పడరని ఆ పరిశోధకులే అన్నారు. విలేఖరులు, రాజకీయాల్లో ఉన్నవాళ్లు, పెద్ద ఒప్పందాలు చేసేవాళ్లు భయపడాలి.

రెండోది అందరికీ తగిలేది. 2026 జనవరిలో బెల్జియంలోని కేయూ లువెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 'విస్పర్‌పెయిర్' పేరుతో మరో లోపం చెప్పారు. మూత తీయగానే ఆండ్రాయిడ్ ఫోన్‌లో బడ్స్ బొమ్మ టక్కున లేస్తుంది చూడండి, ఆ గూగుల్ ఫాస్ట్ పెయిర్‌ని చాలా కంపెనీలు సరిగా అమర్చలేదు. పెయిరింగ్ మోడ్‌లో లేనప్పుడు ఎవరైనా జత కలుస్తామని వస్తే బడ్స్ ఆ పిలుపుని పట్టించుకోకూడదు. ఇవేమో తలుపు తీసేస్తున్నాయి. పరీక్షల్లో సుమారు 14 మీటర్ల దూరం నుంచి, పది సెకన్లలో చేజిక్కాయి. చిక్కితే మైక్ కూడా చిక్కినట్టే. లోపం బడ్స్‌లో ఉంది కాబట్టి ఐఫోన్ వాడేవాళ్లకీ మినహాయింపు లేదు. పైగా ఆ బడ్స్ ఎప్పుడూ ఆండ్రాయిడ్ ఫోన్‌కి కలపనివైతే, కొన్ని మోడళ్లను దొంగ తన గూగుల్ ఖాతాకి కట్టేసుకుని, పోయిన వస్తువులు వెతికే గూగుల్ ఫైండ్ హబ్‌లో మీరెక్కడ తిరుగుతున్నారో చూడొచ్చు.

దీనికి ఫోన్‌లో ఏ బటన్ నొక్కినా లాభం లేదు, బడ్స్ లోపలి సాఫ్ట్‌వేర్ మారాలి. కేస్‌నీ బడ్స్‌నీ బాగా ఛార్జ్ చేసి, యాప్ తెరిచి, 'ఫర్మ్‌వేర్ అప్‌డేట్' నొక్కి, అయ్యేదాకా ఫోన్ పక్కనే ఉంచండి. మధ్యలో మూత వేసి జేబులో పెట్టుకోవద్దు. ఎయిర్‌పాడ్స్‌కి వేరే యాప్ గొడవ లేదు. ఐఫోన్ దగ్గర ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు అవే అప్‌డేట్ అవుతాయి.

అప్‌డేట్ అయ్యాక యాప్ తీసేయండి. చాలా మోడళ్లలో మీరు పెట్టుకున్న ఈక్వలైజర్ బడ్స్‌లోనే నిలిచిపోతుంది. రెండు మూడు నెలలకోసారి మళ్లీ వేసి, చూసి, మళ్లీ తీయండి. ఖాతా తెరిచి ఉంటే అది యాప్ తీసినంత మాత్రాన పోదు, యాప్ లోపలే 'డిలీట్ అకౌంట్' నొక్కాలి. ఫుట్‌పాత్ మీద దొరికే పేరులేని బడ్స్‌లో చాలావాటికి యాప్ ఉండదు, హాయి. అప్‌డేట్ దారీ ఉండదు. లోపం ఉంటే అవి పాడయ్యేదాకా ఉంటుంది.

బ్లూటూత్ సెట్టింగ్స్‌లో మరుగున ఉన్న బటన్

ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జాబితాలో మీ బడ్స్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. 'ఫోన్ కాల్స్', 'మీడియా ఆడియో', వాటి కింద కాంటాక్ట్స్, కాల్ హిస్టరీ షేరింగ్ అని ఉంటుంది. కారులో స్టీరియోకి అది పనికొస్తుందేమో గానీ చెవిలో పెట్టుకునేవాటికి అవసరం లేదు. ఆపేసినా కాల్స్ వస్తూనే ఉంటాయి. పాటలకే వాడే హెడ్‌ఫోన్స్ అయితే 'ఫోన్ కాల్స్' కూడా ఆపేయొచ్చు, దాంతో ఫోన్ ఆ మైక్ వాడటం మానేస్తుంది.

ఇంట్లో ఒకే జత నలుగురు వాడుతుంటే ఇంకో తంటా. ఒకసారి బ్యాంకు నుంచి ఫోనొస్తే ఎత్తి "హలో, హలో" అంటున్నాను, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. పక్క గదిలోంచి మా అమ్మాయి వచ్చి, "నాన్నా, నీ కిస్తీ రెండు నెలల నుంచి కట్టలేదట" అంది. బడ్స్ నా ఫోన్‌కి కూడా జతై ఉన్నాయి. అప్పటి నుంచి పిల్లల బడ్స్‌ని నా ఫోన్‌లో 'ఫర్‌గెట్' చేసి పెట్టాను.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. ఐఫోన్‌లో లైవ్ లిజన్ అని వినికిడి తక్కువున్నవాళ్ల కోసం పెట్టిన సదుపాయం. ఫోన్ బల్ల మీద ఉంటే, అక్కడి మాటలు ఎయిర్‌పాడ్స్‌లో వినపడతాయి. మీటింగ్ మధ్యలో "ఇప్పుడే వస్తా" అని ఫోన్ వదిలి, చెవుల్లో బడ్స్‌తో బయటికెళ్లిన మనిషిని చూస్తే కాసేపు వేరే కబుర్లు చెప్పుకోండి.

బయట తిరిగేటప్పుడు

2021లో నార్వేలో ఒక విద్యార్థి ఓస్లో వీధుల్లో 12 రోజులు సైకిల్ తొక్కుతూ గాలిలో పోయే బ్లూటూత్ సంకేతాలు పోగుచేశాడు. వాటిలో 129 హెడ్‌ఫోన్స్‌ని ఒక రోజుకి పైగా గుర్తుపట్టి వెంబడించగలిగాడు. చాలా హెడ్‌ఫోన్స్ తమ బ్లూటూత్ చిరునామా మార్చుకోకపోవడమే కారణం. మనం దాన్ని మార్చలేం గానీ పేరు మార్చగలం. బడ్స్‌కి మీ పేరుంటే ఏ రంగో, పువ్వో పేరు పెట్టండి. మెట్రోలో, బస్టాండులో కొత్తగా పెయిరింగ్ చేయకండి. వాడనప్పుడు కేస్‌లో వేసి మూత పెట్టండి, బ్యాటరీ కూడా మిగులుతుంది.

అమ్మేముందు, ఎవరికైనా ఇచ్చేముందు

ముందు ఫైండ్ హబ్‌లోనో, ఐఫోన్ వాళ్లైతే అలాంటిదే అయిన ఫైండ్ మైలోనో మీ ఖాతా నుంచి తొలగించండి, తర్వాత ఫోన్‌లో 'ఫర్‌గెట్' నొక్కండి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. వెనక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్ కేస్ అయితే బడ్స్ లోపల పెట్టి, మూత తెరిచి, లైటు పసుపుగా, తర్వాత తెల్లగా మెరిసేదాకా సుమారు 15 సెకన్లు నొక్కి పట్టాలి. మొదటిది మర్చిపోయి రీసెట్ ఒక్కటే చేస్తే ఎయిర్‌పాడ్స్ మీ ఖాతాకే అతుక్కుని ఉంటాయి. కొన్నవాడు రెండో రోజు మీకే ఫోన్ చేస్తాడు.