పాత సినిమా మీద వాదన పెట్టుకోవడం ఎలా

"ఆ రోజుల్లో సినిమాలంటే సినిమాలు" అని ఒకరంటారు. "మూడు గంటలు ఇప్పుడెవరు కూర్చుంటారండీ" అని ఇంకొకరంటారు. అంతే, వాదన అక్కడితో సరి. ఇద్దరిలో ఒక్కరూ సినిమా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. తెనాలిలో మా మేడ మీద అప్పుడప్పుడూ పాత సినిమా వేసుకుని, అర్ధరాత్రి దాకా దాని మీద వాదించుకుంటాం. ఉద్యోగాలు చేసి రిటైరైన పెద్దలు వస్తారు, నా దగ్గర తెలుగు చదువుకునే డిగ్రీ పిల్లలు వస్తారు. ఒకరి మాట ఒకరి చెవికెక్కాలంటే కొన్ని పద్ధతులు పెట్టుకోక తప్పదు. మీ ఊళ్ళోనూ ఇలాంటిది మొదలుపెట్టాలని ఉంటే చదవండి.

ముందు సినిమా ఎంపిక. మాయాబజార్‌తో మొదలుపెట్టకండి. అందరూ దణ్ణం పెట్టేస్తారు, మాట్లాడటానికి ఏమీ మిగలదు. అందరికీ ఇష్టమైనదే కావాలి, కానీ అందులో ఎక్కడో ఒకచోట ఇవాళ్టి మనిషికి గుచ్చుకునేది ఉండాలి. నా ఉద్దేశంలో దానికి గుండమ్మ కథను మించిన సినిమా లేదు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

తర్వాత కాపీ చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సగం వాదనలు చెడ్డ కాపీ వల్లే దారి తప్పుతాయి. ఆ సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. ఇప్పటి టీవీ దాన్ని తెర నిండా సాగదీస్తుంది. సావిత్రి ముఖం వెడల్పైపోతుంది, రంగారావు ఇంకా లావుగా కనిపిస్తాడు. రిమోట్‌లో పిక్చర్ సైజు అని ఉంటుంది, దాన్ని 4:3కి మార్చండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, రానివ్వండి. పాటలు కోసేసిన కాపీ అయితే అసలు వెయ్యకండి. సినిమాకి ఇంటర్వెల్ ఎక్కడుందో అక్కడే ఆపి టీ ఇవ్వండి. మధ్యలో ఎవరికి తోచినప్పుడు వాళ్ళు ఆపితే దర్శకుడు కట్టుకున్న బిగి పోతుంది.

రంగు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మాయాబజార్‌ని 2010లో రంగులద్ది విడుదల చేశారు. పిల్లలు చాలామంది అదే చూసి ఉంటారు, దానివల్లే ఆ సినిమాకి దగ్గరైనవాళ్ళూ ఉన్నారు, అందుకు నాకు సంతోషమే. కానీ ఒకసారి లాహిరి పాట రెండు రకాలుగానూ వెంటవెంటనే వేసి చూపించండి. పడవలో మొదట అభిమన్యుడు, శశిరేఖ; తర్వాత కృష్ణుడు, రుక్మిణి; ఆ తర్వాత బలరాముడు, రేవతి. నలుపు తెలుపుల్లో చూస్తే వెన్నెల ఒక్కటే వెలుగు. నీటి మీద అది మెరుస్తుంటే చీకట్లోంచి ముఖాలు బయటికి వస్తాయి. రంగుల్లో అదే పాట చూస్తే నా కన్ను చీరల మీదికీ నగల మీదికీ పోతుంది. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ 1957లో ఆ వెన్నెలని నలుపు తెలుపుల కోసం కట్టాడు. ఇది చూపించాక "బ్లాక్ అండ్ వైట్ బోర్" అనే మాట మా మేడ మీద మళ్ళీ వినపడలేదు. పిల్లలకి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, రెండూ పక్కపక్కన పెడితే చాలు.

సినిమా అయిపోయాక "ఎలా ఉంది?" అని అడగకండి. బాగుందనో బాగాలేదనో చెప్పి ఊరుకుంటారు. మొదట పెద్దవాళ్ళని, "మొదటిసారి ఎక్కడ చూశారండీ?" అని అడగండి. నేల టికెట్టు, పక్క ఊరి నుంచి బండి కట్టుకుని రావడం, రేడియోలో సినిమా మాటలూ పాటలూ కుదించి వేసే సంక్షిప్త శబ్దచిత్రం వినడం, పెళ్ళిళ్ళలో మైకు సెట్టు మీద ఆ పాటలు, అన్నీ చెప్పనివ్వండి. వాళ్ళు ఆ సినిమాతోపాటు తమ వయసునీ దాచుకున్నారు. అది ముందే బయటికి వస్తే, తర్వాత సినిమాని ఎవరైనా తప్పుపట్టినా వాళ్ళకి అంత నొప్పి కలగదు. ఇలా అడగకుండా నేరుగా విమర్శలోకి దిగితే కుర్రవాడు సినిమాని అంటాడు, పెద్దాయన తనని అన్నట్టు తీసుకుంటాడు.

ఆ తర్వాత ఒక్క సన్నివేశం పట్టుకోండి. మొత్తం సినిమా నిలిచిందా అనే ప్రశ్నకి జవాబు దొరకదు. ఈ సన్నివేశం నిలిచిందా అంటే దొరుకుతుంది. చేతిపని వేరు, కథ వేరు, అది నమ్మే విలువలు వేరు. ఒకటి నిలిచి రెండోది పడిపోవచ్చు.

ఇప్పుడు గుండమ్మ కథ. గుండమ్మగా సూర్యకాంతం ఎడమచెయ్యి తిప్పుతూ మాట్లాడుతుంటే ఇవాళ కూడా పిల్లలు కడుపుబ్బ నవ్వుతారు. అంత గయ్యాళి పాత్ర మీద కూడా మనకి ద్వేషం పుట్టదు. ఛాయాదేవి వచ్చి ఆవిడని నానా బాధలూ పెడుతుంటే అయ్యో అనిపిస్తుంది. ఆ నటన, డి.వి. నరసరాజు రాసిన మాటల్లోని సహజత్వం, ఎక్కడా వన్నె తగ్గలేదు. దీని మీద మా దగ్గర ఎప్పుడూ గొడవ లేదు.

గొడవంతా గుండమ్మ కూతురు సరోజ దగ్గర. డబ్బున్న ఇంటి గారాబం పిల్ల, పొగరు. అక్కినేని పాత్ర ఆమెని పెళ్ళి చేసుకుని, తనకి ఏమీ లేదని నమ్మించి, ఆమె చేత తోటపని చేయించి దారిలోకి తెస్తాడు. మా డిగ్రీ అమ్మాయి ఒకతె లేచి, "మొగుడు అబద్ధం చెప్పి పెళ్ళాన్ని ఏడిపిస్తే అది బుద్ధి చెప్పడం ఎలా అవుతుంది మేడం?" అంది. మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైన బాబాయిగారు వెంటనే, "ఆ రోజుల్లో అంతేనమ్మా" అన్నారు.

ఇక్కడ మీరు గట్టిగా ఉండాలి. "ఆ రోజుల్లో అంతే" అన్నవాళ్ళు ఆ రోజుల్లోంచే ఇంకో సినిమా తెచ్చి చూపించాలి. ఈ నియమం నేను ఎవరికోసమూ సడలించను. ఎందుకంటే గుండమ్మ కథ తీసిన విజయా సంస్థే ఏడేళ్ళ ముందు, 1955లో, మిస్సమ్మ తీసింది. అందులో సావిత్రి వేసిన మేరీ తన బతుకు తాను బతకాలనుకునే చదువుకున్న పిల్ల. ఉద్యోగం కోసం ఒక పరాయివాడితో భార్యగా నటించడానికి ఒప్పుకుంటుంది గానీ, తన మతాన్నీ కోపాన్నీ ఎవరికోసమూ దాచుకోదు. ఆ కోపం చూసి ప్రేక్షకులు ఆమెని ప్రేమించారు. అంటే ఆ కాలం ఒకే రకంగా లేదు. సరోజని అలా రాయడం కాలం చేసిన పని కాదు, రాసినవాళ్ళు ఎంచుకున్న దారి. నా మటుకు నేను ఆ అమ్మాయి పక్షమే, అలాగని గుండమ్మ కథ మీద ప్రేమ వీసమెత్తు తగ్గలేదు.

బాబాయిగారు ఊరుకోలేదు. విజయా సంస్థ నిర్మాత చక్రపాణిది మా ఊరి ఐతానగరం, ఆయన తీసిన సినిమా మీద మాట పడితే తెనాలివాళ్ళు తేలిగ్గా వదలరు. "మరి మిస్సమ్మలో మేరీ చివరికి జమీందారుగారి తప్పిపోయిన కూతురే అని తేల్చారుగా, ఆ మతం చిక్కు అలా విప్పేశారుగా, దాన్నేమంటావు?" అన్నారు. మంచి దెబ్బ. నా మాటకి పూర్తి జవాబు కాకపోయినా, మిస్సమ్మని నేను మళ్ళీ చూడాల్సొచ్చేలా చేసింది. వాదన అంటే నాకు ఇదే కావాలి.

ఇంకో సన్నివేశం కూడా వాళ్ళని తేల్చుకోమనండి. గుండమ్మ కథలోనే రామారావు వేసిన అంజి రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ మహిళాలోకం నిద్రలేచిందని పాడతాడు. ఆ పాట ఆడవాళ్ళని మెచ్చుకుంటోందా, ఆటపట్టిస్తోందా? పాట రాసిన పింగళి మాటలు రెండు వైపులా లాగుతాయి. కానీ మగవాడి చేతిలో పొత్రం ఉంది. మాట ఒకటి చెబుతూ, చెయ్యి ఇంకొకటి చేస్తూ ఉంటే దేన్ని నమ్మాలి? దీనికి మేము ఇంకా ఒక మాట మీదికి రాలేదు.

పెద్దవాళ్ళకి ఒక నియమం పెట్టాం కదా, పిల్లలకీ ఒకటి ఉండాలి. "స్లో" అన్నవాళ్ళు ఎక్కడో చెప్పాలి. ఆ సన్నివేశం తీసేస్తే తర్వాత ఏం పోతుందో కూడా చెప్పాలి. 1951 నాటి మల్లీశ్వరిలో వాన రాత్రి మండపం సన్నివేశం ఉంది. మల్లి ఆడుతుంది, మారువేషంలో రాయలవారూ కవి పెద్దనా చూస్తారు. మల్లి బావ నాగరాజు మాటల్లో మాటగా మల్లికి రాయలవారి పల్లకీ పంపించమంటాడు. చాలాసేపు నడుస్తుంది, పిల్లలకి ఓపిక తప్పుతుంది కూడా. కానీ ఆ వేళాకోళమే నిజమై, ఒకరోజు మల్లిని అంతఃపురానికి తీసుకుపోయే పల్లకీ వచ్చి ఆమె ఇంటి ముందు ఆగుతుంది. ఆ మండపంలో మనం అంతసేపు హాయిగా కూర్చోకపోతే పల్లకీని చూసినప్పుడు గుండె జారదు. దర్శకుడు బి.ఎన్. రెడ్డి మన చేత ఆ హాయిని కావాలనే ఖర్చు పెట్టించాడు. అలాగని పాత సినిమాల్లో ప్రతి నెమ్మదీ ఇలాంటిదేమీ కాదు. కథకి సంబంధం లేని హాస్యం జంట వచ్చి కాలక్షేపం చేసే సన్నివేశాలు బోలెడున్నాయి, వాటిని పిల్లలు కొట్టేస్తే నేను అడ్డుపడను.

"ఇది చాలాసార్లు చూసేశాం" అనే మాట వస్తే సంవత్సరం అడగండి. 1989 శివలో సైకిల్ చైను లాగే దృశ్యం, కాలేజీ గొడవలు ఇవాళ్టి కుర్రవాడికి పాతగా అనిపిస్తాయి. దాన్ని చూసి తీసిన సినిమాలు అతను ముందే చూసేశాడు మరి. అలాంటప్పుడు శివకి ముందు వచ్చిన కాలేజీ సినిమా ఏదైనా ఒక పావుగంట వేసి, ఆ వెంటనే శివ వెయ్యండి. కెమెరా కదలిక, ఇళయరాజా నేపథ్య సంగీతం ఎంత తేడా తెచ్చాయో చెవికీ కంటికీ తెలిసిపోతుంది.

అభిమానుల గొడవ ఒకటి తప్పదు. రామారావా, నాగేశ్వరరావా అని మొదలైతే ఆ రాత్రి సినిమా పోయినట్టే. మా దగ్గర మాట్లాడేటప్పుడు పాత్ర పేరు వాడాలి, నటుడి పేరు వాడకూడదు. అంజి చేసింది తప్పు అనవచ్చు, రామారావు చేసింది తప్పు అనకూడదు. చిత్రంగా, ఇంత చిన్న మార్పుతో గొంతులు తగ్గుతాయి.

చివర్లో ఓట్లు పెట్టకండి. నిలిచింది, నిలవలేదు అని చేతులెత్తిస్తే అప్పటిదాకా మాట్లాడిన సన్నివేశాలన్నీ ఒక అంకెలో కలిసిపోతాయి. దానికి బదులు, ఆ రాత్రి ఎక్కువమంది ఎవరి మాటని కాదన్నారో, తర్వాతి సినిమా ఎంచుకునే అవకాశం వాళ్ళకి ఇవ్వండి. గుండమ్మ కథ రాత్రి అది ఆ డిగ్రీ అమ్మాయికి దక్కింది, మిస్సమ్మ కావాలంది. బాబాయిగారు అప్పటికప్పుడే ఫోన్లో మంచి కాపీ వెతకడం మొదలుపెట్టారు.